నవ్వకుండా వచ్చిన మనిషి

పాల ప్యాకెట్ల కోసం వీధి చివరికి వెళ్ళొచ్చిన గోపాలప్పను అనసూయమ్మ గడప దగ్గరే ఆపేసింది. అప్పుడు టైము ఆరున్నర. ఇప్పుడు పది దాటింది. ఆయన ఇంకా బయటే ఉన్నాడు.

కబ్బన్‌పేట సందులో ఆ ఇంటి మెట్టుకూ మురుగునీళ్ళ మోరీకీ మధ్య ఒక కుర్చీ పట్టేంత చోటుంది. ఆ చోట్లోనే ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చున్నాడాయన. రెండుసార్లు కాఫీ, ఒకసారి ఉప్మా గడప లోపలినుంచే చెయ్యి చాచి అందించింది అనసూయమ్మ. ఉప్మాలో జీడిపప్పు కూడా వేసింది.

తలుపు పక్కన చాప మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని పని చేసుకుంటున్న కోడలు రమ్య ఆ జీడిపప్పును గమనించింది. ఈ ఇంట్లో కోపాలు ఇలాగే ఉంటాయి. పుట్టింట్లో కోపమొస్తే ముందు అన్నం కంచం ఎగిరిపడేది. పెళ్ళయిన పద్నాలుగు నెలల్లో ఇక్కడ ఒక్క కంచం కూడా ఎగరలేదు. దానికి ఎవరికి దండం పెట్టాలో తెలియక, ఆమె రోజూ పొద్దున పొయ్యికే దండం పెడుతుంది.

"మాత్ర వేసుకోవాలే," అన్నాడు గోపాలప్ప బయటినుంచి.

"నీళ్ళూ మాత్రా అక్కడికే తెచ్చిస్తా."

"నా ఇంట్లోకి నేను రాకూడదా?"

"చచ్చిపోయినోడు ఎట్ల వస్తాడు? నవ్వి రా. అప్పుడు వద్దువు."

నిన్న ఆదివారం, కొడుకు భరత్ తీస్తున్న సినిమాలో గోపాలప్ప చచ్చిపోయాడు.

భరత్ హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం చేస్తాడు. శని, ఆదివారాల్లో ఆఫీసు స్నేహితులను పోగేసి ఒక ఫైట్ సినిమా తీస్తున్నాడు. గురువును చంపేస్తారు, శిష్యురాలు పగ తీర్చుకుంటుంది, అదీ కథ. గురువు వేషం గోపాలప్పది. అరువు కెమెరా, ఊరి బయట మూతపడిన రాతి క్వారీ, మైదాపిండితో దుమ్ము, బెల్లంపాకంలో రంగు కలిపి రక్తం.

గోపాలప్పకు ఇది కొత్త కాదు. వయసులో ఉన్నప్పుడు పవర్‌లూమ్ పనికి సెలవు పెట్టి, చవక ఫైట్ సినిమాల్లో ఫైటర్‌గా వెళ్ళేవాడు. హీరో కొడితే పడేవాళ్ళలో ఒకడు. నలభై రెండు సార్లు చచ్చాడు. ఒక్క సినిమాలోనూ మొహం సరిగ్గా కనిపించలేదు.

చచ్చిన ప్రతిసారీ ఒక పద్ధతి ఉంది. షాట్ అయిపోయాక, కెమెరా ఆపకముందే, చచ్చినవాడు కళ్ళు తెరిచి కెమెరాలోకి చూసి నవ్వాలి. ఆ నవ్వుతో చావు అక్కడే ఉండిపోతుంది, మనిషి ఇంటికొస్తాడు. ఆ నలభై రెండు సార్లూ అనసూయమ్మ గడపలో నిలబడి "నవ్వినావా?" అని అడిగింది. "నవ్వినా" అన్నాకే కాళ్ళకు నీళ్ళిచ్చింది.

నిన్న సాయంత్రం కూడా అడిగింది. ఆయన "ఊఁ" అన్నాడు.

ఈ పొద్దున భరత్ పళ్ళు తోముకుంటూ నోరు జారాడు. "నాయన అదరగొట్టినాడమ్మా. కట్ చెప్పినాక కూడా లేయలేదు. లేచినాక ఎవరితోనూ మాట్లాడకుండా పోయి కార్లో కూర్చున్నాడు. నవ్వమంటే కూడా వినలేదు."

అంతే. అనసూయమ్మ చేతిలోని ముగ్గు డబ్బా కింద పెట్టి వచ్చి గడపకు అడ్డం నిలబడింది.

* * *

పదిన్నరకు భరత్ కెమెరా స్టాండు తీసుకొచ్చి సందులో నిలబెట్టాడు. ఈ రోజు ఆఫీసుకు సెలవు పెట్టాడు. కెమెరా సాయంత్రంలోగా తిరిగి ఇచ్చెయ్యాలి.

"నాయనా, రెండు సెకండ్లు. కండ్లు మూసుకో, తెరువు, నవ్వు. అమ్మకు శాంతి, నీకు అన్నం, నాకు ఎడిటింగ్."

ఎదురింటి ఆవులప్ప పంచె పైకి కట్టుకుంటూ బయటికొచ్చాడు. "ఏమప్పా గోపాలప్పా, ఫోటో ఎందుకు? మళ్ళీ సంబంధాలు చూస్తాండారా?"

"ఇంట్లోకి రానీలేదు కదా, చూసుకోవాల్సిందే," అన్నాడు గోపాలప్ప.

లోపల అనసూయమ్మ నవ్వు ఆపుకోవడం రమ్య చూసింది. అంతలోనే మళ్ళీ ఆమె మొహం బిగిసింది.

"రోలింగ్," అన్నాడు భరత్.

గోపాలప్ప కళ్ళు మూసుకున్నాడు. సందులో ఒక ఆటో వెళ్ళింది. పక్కింటి మగ్గం చప్పుడు ఆగి మళ్ళీ మొదలైంది. ఆయన కళ్ళు తెరిచాడు. కెమెరాలోకి చూశాడు. నెరిసిన మీసం కింద పెదాలు కదలలేదు.

"నవ్వు నాయనా."

"రాలేదురా."

"యాక్టింగే కదా!"

"చచ్చేది యాక్టింగు. నవ్వేది యాక్టింగు కాదు." ఆయన కుర్చీ కొంచెం పక్కకు తిప్పుకున్నాడు. "తీసేయ్ దాన్ని."

అనసూయమ్మ గడపలోకి వచ్చింది. "నలభై రెండు సార్లు వచ్చిన నవ్వు ఈసారి ఎందుకు రాదు?"

ఆయన ఖాళీ కాఫీ గ్లాసు తీసి గడప మీద పెట్టాడు.

"సరే. అయితే ఆ సీను తీసెయ్ భరతూ. ఆ చావు ఉండకూడదు."

"అమ్మా, ఆ సీను పోతే సినిమానే లేదు. మాస్టర్ చావకుంటే శిష్యురాలు ఎందుకు కొడతాది?"

"సుమ్నే, ఊరికే కొట్టుకోండి. మీ సినిమాల్లో ఎప్పుడూ అంతే కదా."

"సుమ్నే కొడితే గలాటా అంటారు. ఎవరు చూస్తారు? ఎనిమిది నెలలు అమ్మా! ఎనిమిది నెలలు ఒక్క ఆదివారం నిద్ర లేదు నాకు."

"మీ నాయన గుండెకు స్టెంటు వేసి ఎన్ని నెలలైంది? అది లెక్క పెట్టినావా?"

భరత్ ఎవరి మొహమూ చూడకుండా స్టాండు మడిచాడు. "అర్పిత వాళ్ళింట్లో ఉంటా. ఫుటేజీ చూడాల," అని బండి స్టార్ట్ చేశాడు. అర్పిత ఈ సినిమాలో శిష్యురాలు. అపార్ట్‌మెంటు పిల్లలకు కరాటే నేర్పే అమ్మాయి.

బండి చప్పుడు సందు మలుపు దాకా వినబడింది. అనసూయమ్మ లోపలికి వెళ్ళి ఆకుకూర ముందేసుకుంది.

* * *

రమ్య ల్యాప్‌టాప్ మూసి, నీళ్ళ చెంబుతో వచ్చి మెట్టు మీద కూర్చుంది.

ఆదివారం మధ్యాహ్నాలు మామకూ కోడలికీ ఒక అలవాటుంది. ఎక్కడెక్కడివో పాత ఫైట్ సినిమాలు, పెదాలకూ మాటలకూ పొంతన లేనివి, ఫోన్‌లో పెట్టుకొని చూస్తారు. గోపాలప్ప గుట్టు విప్పుతూ ఉంటాడు. "ఈ నీలం చొక్కా చూడమ్మా. ఇప్పుడు కిటికీలోనుంచి పడి సచ్చినాడా? మళ్ళీ ఎడమపక్కనుంచి వస్తాడు, తలకు గుడ్డ కట్టుకొని. మనుషులు తక్కువ. పాపం, వానికి తెరిపి ఉండదు." ఆ నీలం చొక్కా నాలుగోసారి చచ్చినప్పుడు ఇద్దరూ చప్పట్లు కొడతారు.

రమ్యకు ఈ సినిమాలు కొత్త కాదు. చిలమత్తూరు హాస్టల్లో చదువుకునేటప్పుడు, ఆదివారం వార్డెనమ్మ తన గదిలోని చిన్న టీవీని వరండాలోకి తెచ్చేది. అందులో ఒక పిల్ల రెండు బిందెలతో కొండ మెట్లెక్కేది. పైకొచ్చాక ముసలి గురువు ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ తెమ్మనేవాడు. హాస్టల్ పిల్లలంతా పొట్ట చేత్తో పట్టుకొని నవ్వారు. బోరు పాడైన రోజుల్లో వాళ్ళు రోజూ చేసేది అదే. మర్నాడు పొద్దున మాత్రం, ఎవరూ ఏమీ అనుకోకుండానే, అందరూ వీపు నిటారుగా పెట్టి బిందెలు మోశారు. ఈ మోత ఊరికే పోదని, ఒళ్ళు దాన్ని ఎక్కడో దాచుకుంటుందని ఆ సినిమాయే మొదట చెప్పింది రమ్యకు. పదో తరగతి, డిప్లొమా, హూడిలో ఉద్యోగం, అన్నీ ఆమె ఆ వీపుతోనే మోసింది. పాఠ్యపుస్తకాలు ఆ మాట చెప్పలేదు.

"మామా," అంది మెల్లగా. "హూడిలో ఎవరున్నారు?"

గోపాలప్ప తల తిప్పాడు.

"రెండుసార్లు చూసినాను మా ఆఫీసు వెనక సందులో. ఒకసారి శ్రావణంలో, ఒకసారి మొన్న. టీ అంగడి దగ్గర నిలబడి ఒక ఇంటి వైపే చూస్తాండారు. టీ తాగేసినా గ్లాసు చేతిలోనే ఉండింది."

"చూసి పిలవలేదేమ్మా?"

"పిలిస్తే మీరు నాకు అబద్ధం చెప్పాల్సొస్తుందని."

ఆయన మోరీ వైపు చూశాడు. లోపల ఆకుకూర తుంచే చప్పుడు ఆగిపోయింది.

"మా ఫైట్ మాస్టర్ నరసింహప్ప భార్య ఉండాది అక్కడ. కెంపమ్మ."

అనసూయమ్మ చెయ్యి తుడుచుకుంటూ తలుపు దగ్గరికొచ్చింది. "కెంపమ్మక్కా? ఆమె కనకపుర పక్క తమ్ముడింటికి పోయిందన్నావు కదా?"

"పోయింది. మళ్ళీ వచ్చింది. నాకు తెలిసి పదకొండేండ్లయింది."

"ఎన్నడూ చెప్పలేదే!"

ఆయన రమ్య వైపు తిరిగి చెప్పసాగాడు.

"మాస్టర్ నాకు పడేది నేర్పించినాడమ్మా. కొట్టేది ఎవరైనా నేర్పిస్తారు. పడేది నేర్పించేవాళ్ళు లేరు. గోనెసంచులు పరిచి, ఆరు నెలలు పడమన్నాడు. తల తగలకూడదు, నడుము తగలకూడదు, చూసేవాళ్ళకు మాత్రం ప్రాణం పోయినట్టుండాల. ఇన్ని సార్లు పడినా నాకు ఒక్క ఎముక విరగలేదు. ఎవరి పుణ్యం?" ఆయన నీళ్ళ చెంబు అందుకున్నాడు కానీ తాగలేదు. "నిన్న ఆ బండ మీద పండుకున్నప్పుడు నేను చేసింది ఆయన్ని. భరతు చెప్పిన గురువు కాదు. కట్ అన్నాక కండ్లు తెరిచి నవ్వమన్నారు. ఎట్ల నవ్వేది? ఆయప్ప తెరవలేదు కదా కండ్లు."

"కాలు జారి పడినాడన్నావు ఆయప్ప," అంది అనసూయమ్మ.

"జారలేదు. దూకినాడు." చెంబు కింద పెట్టాడు. "నేను దూకాల్సిన చోట."



అనసూయమ్మ తలుపు చెక్క పట్టుకుంది. "నేను చెప్పి పంపించినానే... ఆవులప్ప చేత. నాకు ఐదో నెల. కడుపుతో ఉన్నదాని మొగుడు శవాన్ని మొయ్యకూడదు, శవం కాకూడదు, కాన్పయ్యేదాకా చచ్చే సీను వద్దని."

"ఆ. అదే మాట. షాట్ పెట్టినాక వచ్చింది. ఇంకో ఫైటర్ లేడు ఆ దినం. నేను పరవాలేదన్నా. మాస్టర్ వినలేదు. నవ్వలేదు, కోపం కూడా పడలేదు. 'ఆ పిల్ల సరిగ్గా చెప్పింది. చొక్కా విప్పు' అన్నాడు."

"చొక్కానా?"

"అంతకుముందు షాట్‌లో నాకు గళ్ళ చొక్కా తొడిగినారు. దూరంనుంచి చూస్తే నేనే అనిపించాల కదా. ఆయప్ప నా చొక్కా వేసుకున్నాడు, నాకు తనది ఇచ్చినాడు. కట్టిన తాడు పాతది. బండ అంచుకు ఒరుసుకుంది."

అనసూయమ్మ ఆయన చొక్కా వైపు చూసింది. "నువ్వు ఆ దినం తెల్ల చొక్కాతో వచ్చినావు. వదులుగా ఉండింది. నాది చినిగింది, ఎవరిదో ఇచ్చినారు అన్నావు. నేను ఉతికి ఆరేసినా. నాలుగేండ్లు తొడుక్కున్నావు దాన్ని. కాలరు మాసిపోతే నేనే తిరగేసి కుట్టించినా."

"ఊఁ."

"చెప్పలేదేమయ్యా నాకు?"

"చెప్తే ఏం చేసుండేదానివి? ఎందుకు ఆ మాట పంపించినానా అని ఏడ్చుండేదానివి. కడుపులో వాడుండాడు. తర్వాత వాడు పుట్టినాడు, నువ్వు సంతోషంగా ఉండావు. ఆ సంతోషంలో చెప్పలేకపోయినా. ఇంక తర్వాత... ఏ దినం చెప్పేది?"

ఆయన ఫోన్ ఉన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఈ సినిమాలు ఎందుకు చూస్తావు, వయసొచ్చినా బుద్ధి రాలేదు అంటావు కదా. వాటిల్లో ఒకడుంటాడు అనసూయా. మీసం తిప్పుకుంటా, పెద్దగా నగుకుంటా. వాణ్ణి కొడితే అయిపోతాది. నాకెవరుండారు? తాడు కట్టినోడు నాకంటే ఎక్కువ ఏడ్చినాడు. నువ్వా? కడుపులో బిడ్డా? ఎవర్ని కొట్టేది నేను? వాళ్ళయినా కొడతాండారు కదా అని చూస్తాంటా."

రమ్య తల వంచుకుంది. ఇన్ని ఆదివారాలు ఆయన పక్కనే కూర్చొని చప్పట్లు కొట్టింది. విలన్ పడ్డాక ప్రతిసారీ ఆయన "చాలు, ఆపెయ్ అమ్మా" అని లేచి వెళ్ళిపోయేవాడు, శుభం కార్డు దాకా ఎప్పుడూ ఉండేవాడు కాదు. అది నడుం నొప్పి అనుకుంది.

అనసూయమ్మ ఏడవలేదు.  పొద్దున్నించీ కాపలా కాసిన గడపను దాటి తనే బయటికొచ్చి, ఆయన కుర్చీ పక్కన మెట్టు మీద కూలబడింది.

"ముప్పై ఏండ్లు," అంది. "కొడుకును పక్కన కూర్చోపెట్టుకొని అన్నం తింటాండాము. ఆమెకు ఒక దండం పెట్టలేదు."

"ఏ మొహంతో పోయేది? సందు దాకా పోతా. టీ తాగి వస్తా."

"నువ్వు పోవద్దు. నేను పోతా. మాట పంపించింది నేను." మోకాళ్ళు పట్టుకొని లేచింది. "రమ్యా, ఆఫీసుకు సగం సెలవు పెడతావామ్మా? ఈ ఆకుకూర ఉడికించిన నీళ్ళతో బస్సారు చేస్తా. అన్నం వంచుతా. ఉత్త చేతులు ఊపుకుంటా పోయేది బాగుండదు."

"భరత్‌కు చెప్పాలా అత్తా?"

అనసూయమ్మ ఆలోచించింది. "ఇల్లు ఎక్కడో పంపించు, రమ్మను. ఎందుకో చెప్పద్దు."

* * *

వద్దన్నా గోపాలప్ప కూడా వెంట వచ్చాడు. మెట్రోలో ముగ్గురికీ సీట్లు దొరికాయి. అనసూయమ్మ ఒళ్ళో క్యారియర్ పెట్టుకొని కూర్చుంది. బెన్నిగానహళ్ళి దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయప్పకు బస్సారంటే ఇష్టం కదా?" అంది. గోపాలప్ప తలూపాడు. అంతే.

హూడిలో అద్దాల ఆఫీసుల వెనక పాత ఊరు అలాగే మిగిలుంది. ఎత్తయిన అరుగులు, గుమ్మాల ముందు ఎండేసిన రాగులు, వాటి మీదుగా ఫుడ్ డెలివరీ బండ్లు. టీ అంగడికి ఎదురుగా నీలం తలుపు ఇల్లు. తలుపు తెరిచే ఉంది. లోపలినుంచి "హా! హూ!" అని అరుపులు, కత్తుల చప్పుడు.

టీవీ ముందు నేల మీద ఒక సన్నటి ముసలామె కాళ్ళు చాపుకొని కూర్చుంది. వెండి తీగల్లాంటి జుట్టు. ఒళ్ళో చేటలో చిక్కుడుకాయలు. తెర మీద ఒక పిల్ల పది మందిని ఒంటి కర్రతో కొడుతోంది.

నీడ పడ్డంతో ఆమె తల ఎత్తింది. కొంతసేపు ముగ్గురినీ చూసింది. తర్వాత గోపాలప్ప మొహం మీద చూపు ఆగిపోయింది.

"గోపాలా?" అంది. "వచ్చినావా. కూర్చో. ఈ ఫైట్ అయిపోనీ."

అనసూయమ్మ లోపలికి అడుగు పెట్టింది, రమ్య కూడా. గోపాలప్ప గుమ్మంలోనే ఉండిపోయాడు.

"రారా లోపలికి. అక్కడేం నిలబడుకుంటావు?"

"నేను... నిన్న ఒక సినిమాలో చచ్చినానక్కా. నవ్వకుండా వచ్చేసినా. మా ఇంట్లోకే రానీలేదు ఈ పొద్దు. ఇక్కడికి ఎట్ల రావాల?"

కెంపమ్మ చిక్కుడుకాయ తుంచడం ఆపింది. ఆమె నవ్వుతుందో తిడుతుందో రమ్యకు అర్థం కాలేదు.

"చచ్చినోళ్ళు వచ్చి కూర్చుంటామంటే ఈ ఇంట్లో వద్దనేవాళ్ళు ఎవరురా?" అంది. "రోజూ ఒకాయన్ని పిలుస్తానే ఉండా. యాడొస్తాడు. నువ్వన్నా రా."

గోపాలప్ప చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. గోడకు ఆనుకొని చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు.

తెర మీద కర్ర విరిగింది. ఆ పిల్ల విరిగిన ముక్కతోనే కొడుతోంది. "చూడు, నడుము తిప్పడం రాలేదు దానికి," అంది కెంపమ్మ. "మీ మాస్టర్ చూసుంటే గోనెసంచుల మీద నిలబెట్టుండేవాడు."

అనసూయమ్మకు ఆ ఫైట్ అయిపోయేదాకా ఆగే ఓపిక లేకపోయింది. క్యారియర్ పక్కన పెట్టి, కెంపమ్మ కాళ్ళ దగ్గర కూర్చుంది. "అక్కా. ఆ దినం దూకాల్సింది ఈయప్ప. నేను కడుపుతో ఉండాను, చచ్చే సీను వద్దని నేనే చెప్పి పంపించినా. అందుకు మాస్టర్ దూకినాడు. నాకు ఈ పొద్దే తెలిసింది. తెలిసినాక ఇంట్లో నిలబడలేకపోయినా." ఒక్క గుక్కలో చెప్పేసింది.

కెంపమ్మ రిమోట్ తీసి శబ్దం తగ్గించింది. తెర మీద మనుషులు చప్పుడు లేకుండా పడిపోతున్నారు.

"నీకు ఈ పొద్దు తెలిసిందా?" అంది. "నాకు ముందు దినమే తెలుసు."

గోపాలప్ప తల ఎత్తాడు.

"ముందు దినం సాయంత్రం ఇంటికొచ్చి చెప్పినాడు. 'గోపాలప్ప పెండ్లాం నీళ్ళు పోసుకుందంట, రేపు వాణ్ణి దూకించాల్సొస్తాంది, మనసు ఒప్పలేదు' అని. నేనే అన్నా. మనకు లేరు బిడ్డలు, వాళ్ళకన్నా ఉండనీ, నువ్వే దూకు అని. నీ మాట రాకపోయినా ఆయప్పే దూకుండేవాడు." చేటలోని కాయలు చేత్తో సర్దింది. "నువ్వు పంపించింది రెండో మాట అమ్మా. మొదటి మాట నాది."

అనసూయమ్మ ఆమె రెండు పాదాల మీద నుదురు పెట్టింది. కెంపమ్మ వారించలేదు. తల మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"నాకూ వచ్చేదానికి మొహం లేకపోయింది," అంది కాసేపటికి. "నేను కనపడితే మీకు అదే గుర్తొస్తాది, బిడ్డ పుట్టబోయే ఇంట్లో ఎందుకని తమ్ముడింటికి పోయినా. మీరు మరిచిపోయుంటారు అనుకున్నా. టీ అంగడి దగ్గర వీడు నిలబడేది చూసినా రెండు మూడు సార్లు. లోపలికి రానీ, రానీ అని తలుపు తెరిచి పెట్టినా." చేట పక్కకు జరిపింది.  "అది సరే. బిడ్డ ఏడీ? అప్పుడు కడుపులో ఉన్నది. ఆడా, మగా? అది కూడా నాకు తెలీదు."

రమ్య లేచి గుమ్మంలోకి వెళ్ళింది. సందు మొదట్లో భరత్ బండి ఆపి, హెల్మెట్ తీయకుండానే ఫోన్ చూస్తూ ఇల్లు వెతుక్కుంటున్నాడు. ఆమె చెయ్యి ఊపింది. వీపున కెమెరా సంచీతో చకచకా వచ్చాడు.

"ఎవరికైనా ఒంట్లో బాగలేదా? అమ్మ ఎందుకు ఏడుస్తాంది?" గుమ్మంలో ఆగి లోపలికి తొంగి చూశాడు. "నాయనా, ఈ అవ్వ ఎవరు?"



కెంపమ్మ గోడ పట్టుకొని లేచింది. మెల్లగా వచ్చి అతని ఎదుట నిలబడింది. ఆమె తల అతని గుండె దాకా కూడా రాలేదు. హెల్మెట్ తీయమన్నట్టు చేత్తో చూపించింది. అతను తీశాడు. జుట్టు చెమటతో నుదుటికి అంటుకొని ఉంది. ఆమె దాన్ని చీర చెంగుతో తుడిచింది. కళ్ళు, ముక్కు, చెవులు, చేతులు, ఎంతోకాలానికి వచ్చిన సామాను సరిగ్గా ఉందా అని చూసుకున్నట్టు ఒక్కొక్కటే చూసుకుంది. ముప్పై ఏళ్ళవాడు ఆ చూపుకు చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు.

"బాగుండావు," అంది. "బాగా పెంచినారు. ఏం పని చేస్తావు అప్పా?"

భరత్‌కు ఈ ప్రశ్న తేలిగ్గా అనిపించింది. ఊపిరి పీల్చుకున్నాడు. "ఉద్యోగం ఉండాది అవ్వా. దాంతో పాటు సినిమా తీస్తాండా. ఫైట్ సినిమా."

"ఓహో. ఏం కథ?"

"ఒక మాస్టర్ ఉంటాడు. శిష్యురాలికి ప్రమాదం వస్తుంది. ఆమె చోట్లో తాను నిలబడి ప్రాణం ఇచ్చేస్తాడు. ఈ ముక్క నాయనే చెప్పినాడు, అదే సినిమాకు ప్రాణం." భరత్ గొంతులో హుషారు వచ్చింది. "తర్వాత ఆ శిష్యురాలు ఏండ్ల తరబడి కష్టపడి నేర్చుకొని, పగ తీర్చుకుంటాది."

గోపాలప్ప కళ్ళు మూసుకున్నాడు. అనసూయమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కెంపమ్మ మాత్రం అతని చెయ్యి వదల్లేదు. ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకొని, నిజంగా తెలుసుకోవాలని ఉన్న మనిషిలా, ఎంతో ప్రేమగా అడిగింది.

"ఎవరి మీద అప్పా?"

భరత్ తన విలన్ పేరు చెప్పబోయాడు.  తండ్రిని చూశాడు, తల్లిని చూశాడు, ఆ తర్వాత రమ్యను చూశాడు. ఆమె అడుగుతున్నది తన సినిమా విలన్ గురించి కాదని తోచి, హెల్మెట్ నేల మీద పెట్టాడు.